ప్రార్థనలో పెడదాం

"ప్రార్థనలో పెడదాం లే సుందరీ," అన్నాడు శాంతికుమార్ షూ లేసులు కట్టుకుంటూ. నెత్తళ్ల చేపల తలలు గిల్లుతున్న భార్య వైపు చూడను కూడా లేదు. "దేవుని సిత్తం ఏటో తెలియాల గదా."

ఆ ఇంట్లో ఆ మాటకు అర్థం 'వద్దు' అని. జ్ఞానసుందరికి అది తెలియడానికి ఏళ్లు పట్టింది. కొత్తకోడలిగా గరివిడి వచ్చి, మళ్లీ నర్సు పనికి వెళ్తానన్నప్పుడు కూడా ఆయన ఇదే మాట అన్నాడు. ఎంత భక్తిగల మొగుడు దొరికాడని మురిసిపోయింది, పిచ్చిది. తర్వాత తర్వాత గమనించింది. ఆయనకు మోటారుసైకిల్ కావాల్సి వచ్చినప్పుడు దేవుని చిత్తం కోసం ఎవరూ ఆగలేదు. బండి కొని తెచ్చి, గుమ్మం ముందు నిలబెట్టి, అప్పుడు పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయించారు. ఆయన కోరికలకు ప్రార్థన వెనకాల వస్తుంది. ఆమె కోరిక దగ్గరకొచ్చేసరికి ముందే వచ్చి గొళ్లెంలా పడుతుంది.

అయినా ఆమె అడగడం మానలేదు. తెల్లవారగట్ల పాలు పొయ్యి మీద పెట్టి, వంటింటి గచ్చు మీద మోకరించి, రోజూ అదే మనవి. నన్ను మళ్లీ పనిలోకి పంపు ప్రభువా. సగంలో అత్త గొంతు వినిపించేది. "ఒసే, టీ ఏదే? దేవుడెక్కడికీ పోడు గానీ, నాకు గొంతుకెండిపోతన్నాది." లేచి, టీ ఇచ్చి, వచ్చి మళ్లీ మోకరించేది. విసుగొచ్చిన రోజులున్నాయి, ఏడ్చిన రోజులూ ఉన్నాయి. చర్చిలో స్త్రీల కూడికలో ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు మాత్రం భర్త ప్రమోషను, అత్త మోకాళ్లు, హాస్టల్లో ఉన్న కూతురి పరీక్షలు చెప్పేది. అక్కడ అందరూ అలాంటివే చెప్తారు. సొంతానికి అడిగితే ఏమనుకుంటారోనని భయం. అందుకే ఆ ఒక్క మనవిని ఆమెతో కలిసి మోసిన మనిషి ఇన్నేళ్లలో ఒక్కరూ లేరు.

ఇక సాయంత్రం కుటుంబ ప్రార్థన. శాంతికుమార్ సంఘపెద్ద కాబట్టి గ్రాంథికంలోనే చేస్తాడు. పులుసులో ఉప్పు ఎక్కువైతే "నీ దాసురాలికి గృహకార్యములయందు శ్రద్ధ దయచేయుము" అంటాడు. ఆమె పుట్టింటికి వెళ్లొస్తానన్న రోజున తృప్తిగల మనసు దయచేయమంటాడు. పక్కనుంచి అత్త "అవును ప్రభువా" అని తాళం వేస్తుంది. చివర ఆమేన్ చెప్పే వంతు సుందరిది. తిట్టూ తనకే, ఆమేనూ తనదే. ఆ ఆమేన్ పడితేగానీ అన్నం గిన్నె మీద మూత తీయరు. మావగారి కాలం నుంచీ ఆ ఇంట్లో అదే పద్ధతి.

ఇవాళ మళ్లీ అడగడానికి కారణం బేబీ. ఇద్దరూ కలిసి నర్సింగు చదివారు. బేబీ ఇప్పుడు గజపతినగరంలో ఒక చిన్న ఆసుపత్రిలో చేస్తోంది. పొద్దున్నే ఫోన్ చేసింది. "ఒసే సుందరీ, మా కాడ ఒక పోస్టు ఖాళీ అయినాది. డాక్టరమ్మకి నీ గురించి సెప్పీసినాను. రేపు పొద్దున్న వచ్చీ. రాకపోతే ఇంకో పిల్లని తీసుకుంటారు. మరి అప్పుడు నన్నేటీ అనకు."

భర్త వెళ్లిపోయాక ఆమె మిగిలిన నెత్తళ్ల తలలు గిల్లింది. ఇన్నేళ్లు అడిగి ఏం సాధించాను అనుకుంది. వాళ్లతోనే చదివిన అనూరాధ గుర్తొచ్చింది. మొన్నామధ్య పెళ్లిలో కనిపించినప్పుడు నర్సు పని మాటెత్తితే, "ఆ పనేటి, నానెప్పుడు సేసినానే?" అని నవ్వేసింది. అబద్ధం కాదు, ఆ ఊసే ఎత్తక నిజంగానే మరిచిపోయింది. సుందరి మరిచిపోలేదు. నరం దొరకని చేతిని ఎలా నిమరాలో ఆమె వేళ్లకు ఇంకా తెలుసు. రోజూ అడగబట్టే ఆ కోరిక బతికింది. దేవుడు పలకలేదని ఇన్నాళ్లూ ఉడుక్కుంది గానీ, అడిగే నోరు మూతపడకుండా కాచింది ఆయనే కదా అనిపించింది. చేతులు కడుక్కుని, పెట్టె అడుగున ఉన్న నర్సు పని నాటి తెల్లచీర తీసి ఇస్త్రీ చేసింది.

సాయంత్రం అన్నం, నెత్తళ్ల పులుసు మధ్యలో పెట్టుకుని ముగ్గురూ కళ్లు మూసుకున్నారు. శాంతికుమార్ దేశం కోసం, తను పనిచేసే ఫ్యాక్టరీ కోసం, సంఘం కోసం ప్రార్థించాడు. "నీ దాసురాలి మనస్సును లోకాశలనుండి మళ్లించుమని యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ," అని ముగించాడు.

ఆమేన్ వినపడలేదు. ఆయన ఒకసారి దగ్గాడు.

"ఆమేన్ సెప్పవే, కూడు సల్లారిపోతన్నాది," అంది అత్త.

"నాది అవ్వలేదత్తా," అంది సుందరి కళ్లు తెరవకుండానే. "ప్రభువా, నాకు పెద్ద మాటలు రావు. రోజూ పొయ్యి కాడ అడిగినదే. రేపు మొదటి బస్సుకి గజపతినగరం ఎల్తన్నాను, డ్యూటీలో సేరతాను. అత్తకి టీ ఎవులు పెడతారో నువ్వే సూసుకో. నీ సిత్తం ఏటో మా ఆయనకి తెలీకపోతే ఆయనకి సెప్పు. నాకు తెలిసిపోయినాది. యేసు పేరున అడుగుతన్నాను తండ్రీ."

ఆగింది. ఇన్నేళ్లు వాళ్ల ప్రార్థనలన్నిటికీ తను ఆమేన్ చెప్పింది. ఒక్కసారి, ఒక్కరైనా అంటారేమోనని ఆశపడింది. ఎవరూ అనలేదు. ఇద్దరి మధ్య కూర్చుని ఒంటరిగా ఉండటం ఆమెకు కొత్త కాదు.

"ఆమేన్," అని తానే చెప్పుకుని, అన్నం గిన్నె మీద మూత తీసింది.