దవడకు తిరిగొచ్చిన ఎముకలు

శ్రీదేవి దవడ ఎముకలు చెవుల్లోకి వెళ్ళిపోయాయి. ఒక్కరోజులో కాదు. పెళ్ళయిన పదహారేళ్ళలో, ఎదురుమాట మింగినప్పుడల్లా కాస్త కాస్తగా.

గవరపాలెంలోని ఆ ఇంటి కోడళ్ళకి అది మామూలే. అత్తగారు తలుపులమ్మకైతే దవడలో ఏమీ మిగల్లేదు. గంజి తాగుతుంది, తల ఊపుతుంది, వీధి చివర చీమ నడిచినా వింటుంది. చెవుల డాక్టరు శ్రీదేవి ఎక్స్‌రేని లైటుకి పట్టి చూసి, "మీ ఇంట్లో ఇంతే కదండీ," అని చుక్కలమందు రాసిచ్చాడు.

శ్రీదేవి బీఎస్సీ జువాలజీ. చేప మొప్పల్ని మోసిన ఎముకే దవడ అయిందనీ, బల్లిలాంటి జంతువుల దవడ వెనకున్న ఎముకలు జరిగి జరిగి మన చెవిలోకి చేరాయనీ చదువుకుంది. అందుకు కోట్ల ఏళ్ళు పట్టిందని లెక్చరర్ చెప్పింది. అత్తారింట్లో అంత తీరిక ఉండదని శ్రీదేవికి అప్పుడు తెలీదు.

ఆ చెవులు ఇంటికి బాగానే ఉపయోగపడ్డాయి. మునగపాక తోటలో చెరకు గెడకి చెవి ఆనించి, నరకొచ్చో లేదో చెప్పేది. పెనంలో బెల్లం ఉడుకుతుంటే బుడగల చప్పుడు విని, దించమని సైగ చేసేది. "మా మరదలు చెవి పెట్టిందంటే పాకం తప్పదు," అని బావగారు త్రినాధరావు మార్కెట్లో మీసం దువ్వేవాడు.

కూతురు బుజ్జి తొమ్మిదో తరగతి. జిల్లా కబడ్డీ జట్టుకి ఎంపికైంది. ఆ వారమే ఓ రాత్రి, అన్నాల దగ్గర త్రినాధరావు తేల్చేశాడు.

"ఆడపిల్ల తొడ సరుసుకుని కూతకెల్తే బాగుంటాదేటి? సుట్టాలు నవ్వుతారు. రేపట్నుంచి మానెయ్."

శ్రీదేవి భర్త ధనరాజ్ తలెత్తకుండా పప్పు కలుపుకుంటున్నాడు. బుజ్జి నోరు తెరిచింది, మళ్ళీ మూసింది.

"అలాగే పెదనాన్నా."

వంటింట్లో నెయ్యి కాస్తున్న శ్రీదేవికి వినపడింది. పెసరగింజ తొక్క చిట్లినంత చప్పుడు. కూతురి దవడలో మొదటి ఎముక కదిలింది.

పొయ్యి కట్టేసి బయటికొచ్చింది.

"అది మానదు బావగారూ."

గొంతు పెచ్చులూడినట్టు వచ్చింది. కుడి చెవిలోంచి ఏదో జారి, బుగ్గ కిందుగా నడిచి, దవడలో టక్కున కూర్చుంది. అప్పటిదాకా వినపడుతున్న వీధి చివర కుళాయి చుక్కల చప్పుడు ఆమెకి ఆగిపోయింది.

"ఏటమ్మా, ఎవరితో మాటాడతన్నావు?"

"మీతోనే. రేపట్నుంచి గ్రౌండుకి నేనే తీసుకెళ్తాను." టక్.

"అన్నయ్యతో అలాగేనా మాటాడ్డం?" అన్నాడు ధనరాజ్.

"మీరు పప్పు కలుపుకోండి." టక్.

మూల పీట మీదున్న తలుపులమ్మ గంజి గ్లాసు దించింది. ఆవిడ పెదాలు మాటకోసం కదలడం బుజ్జి పుట్టాక ఇదే మొదలు.

"ఇంకోటను కోడలా," అంది. "ఇంకా ఉన్నాయి లోపల."

శ్రీదేవి అంది. ఆ రాత్రే కాదు, తరవాత కూడా.

ఆ ఏడు బెల్లం నల్లగా వచ్చింది. తలుపులమ్మ పీట దిగనంది; చప్పుడు వినేవాళ్ళు లేక పెనం మీద పెనం మాడింది. త్రినాధరావు తనే వచ్చి, గుమ్మంలో నిలబడి బతిమాలాడు.

"సీజనయ్యేదాకా నోరు కట్టుకోమ్మా. ఎముకలు మల్లీ పైకెక్కేత్తాయి. ఆ తరవాత నీ ఇట్టం."

శ్రీదేవికి ఆశ పుట్టకపోలేదు. తెల్లారగట్ల గెడలో రసం పైకెక్కే చప్పుడంటే ఆమెకి ప్రాణం. అలాంటిది ఇంక ఎక్కడా వినపడదు.

"మాడితే మాడనీండి," అంది. "ఊళ్ళో అందరూ రంగు చూసే దించుతున్నారు. మీకూ కళ్ళున్నాయి."

ఇదివరకైతే స్టేడియంలో బుజ్జి పెట్టే కూత ఇంట్లో గిన్నెలు తోముతూనే వినేది. ఇప్పుడది వినాలంటే వెళ్ళాల్సిందే. అందుకని సాయంత్రమయ్యేసరికి చెప్పులేసుకుని వెళ్ళి, సున్నపు గీత పక్కన నిలబడుతుంది. వాన పడినా, పెనం మీద పాకమున్నా, ఒక్క సాయంత్రం కూడా మానలేదు.