టీకా వేసుకున్నవారి జాబితా

ఎనభై మూడో కాగితం దగ్గర మళ్లీ దగ్గు తెర వచ్చింది. ఆయన చొక్కా చేతిని నోటికి అడ్డం పెట్టుకుని, తగ్గేదాకా ఆగి, వదిలిన చోటు నుంచే మొదలుపెట్టారు. పేరు, వయసు, బీమా నంబరు, మందు బ్యాచి నంబరు, ఏ చేతికి వేశారు, ఎవరు వేశారు, సంతకం. మనిషికి ఏడు గడులు. ఫ్లూ టీకాల కాలంలో రోజుకు నూట యాభై మంది. ఒక్క గడి ఖాళీగా కనిపించినా బీమా కంపెనీ బిల్లు తిప్పికొడుతుంది. ఆయన చేతి మీదుగా వెళ్లిన బిల్లు తిరిగొచ్చిన పాపాన పోలేదు.

క్లినిక్‌లో అందరికీ ఆయన బిల్లుల బాబాయ్. మెట్ల కింద కిటికీ లేని గది ఆయనది. సన్నటి మనిషి. పంతొమ్మిదేళ్లుగా కాగితాల మీదికి వంగి వంగి మెడ ముందుకు సాగిపోయింది. కళ్లజోడు ముక్కు మీద నిలవదు. ఎంత ఉక్కపోసినా పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు.

గోడ అవతలే టీకాలు వేసే గది. అక్కడ ఏ పసిపిల్లో కెవ్వుమంటే ఇవతల ఈయన తన భుజం తానే పట్టుకుంటారు. చెబితే నవ్వుతారు గానీ, లక్ష సూదుల లెక్క రాసిన ఈ పెద్దమనిషికి సూదంటే హడల్. ఈ సంగతి ఇంట్లో భార్యకు కూడా తెలియదు.

సిబ్బందికి టీకాలు వేసే రోజు ఒక్కరు తప్పినా పై ఆఫీసు ఊరుకోదు. రద్దీలో ఆలస్యం కాకుండా కాగితాలు ముందే నింపి నర్సు ముందు పెట్టడం ఇక్కడి పద్ధతి. ఆమె ఒక చేత్తో దూది తీస్తూ రెండో చేత్తో కట్టంతా సంతకం చేసేస్తుంది. బాబాయ్ రాశారంటే మళ్లీ చూడక్కర్లేదని ఆమె ధీమా. ఆ కట్ట మధ్యలో ఆయన తన కాగితం కూడా దోపేస్తారు. ఎడమ చేయి, అని రాసి. ఆ ఎడమ చేయి ఇన్నేళ్లుగా కాగితం మీదే టీకాలు వేయించుకుంటోంది.

ఈ ఏడాది జ్వరాలు మాత్రం మంచివి కావు. పొద్దున్నే ఆయన బల్ల మీదికి ముగించాల్సిన ఫైలు ఒకటి వచ్చింది. చెప్పుల దుకాణం యజమాని, ఈయన కంటే ఆరేళ్లు చిన్న. మూడు రోజులు జ్వరం, నాలుగో రోజు ఊపిరి అందలేదు. టీకా గడిలో "లేదు" అని ఉంది. ఆ మాట ఆయనే రాశారు, తన గుండ్రటి అక్షరాల్లో. ఇవాళ తన జ్వరానికి రెండో రోజు. భయం వేసింది.

మధ్యాహ్నానికి నర్సు ఆయన వాలకం చూసి, రెక్క పట్టుకుని డాక్టరు గదికి లాక్కెళ్లినంత పని చేసింది. డాక్టరు చిన్నవాడు, నిద్ర లేక కళ్లు గుంటలు పడ్డాయి. పరీక్ష కిట్లు ఆరే మిగిలాయని, ఫ్లూ మాత్రలు కూడా అడుగంటాయని, బయట వరసలో టీకా వేసుకోనివాళ్లే పద్దెనిమిది మంది ఉన్నారని చెబుతూ కంప్యూటరులో జాబితా తెరిచాడు. నిన్న సాయంత్రం బాబాయ్ స్వయంగా తయారుచేసి పైకి పంపిన జాబితా.

"మీరు వేయించుకుని ఇరవై రోజులైంది కదండీ. ఇది మామూలు జ్వరమే అయ్యుంటుంది. నిజంగా ఫ్లూ అయితే ఇవాళే మందు మొదలుపెట్టాలి, రేపటికి పెద్దగా పనిచేయదు."

"డాక్టర్ గారూ, ఆ కాగితం..."

"ఏమైంది బాబాయ్?" అంది నర్సు. మంచినీళ్ల గ్లాసు పట్టుకుని ఆయన వెనకే నిలబడి ఉంది.

ఆయన గ్లాసు కేసి చూశారు, ఆమె వేళ్ల కేసి చూశారు. ఒక్క కాగితం అబద్ధమని తేలితే బీమా కంపెనీ అన్నీ బయటికి లాగుతుంది. అన్నిటి కిందా ఈ పిల్ల సంతకమే. ఇద్దరు బిడ్డల తల్లి, మొన్ననే ఉద్యోగం పర్మినెంటు అయింది. ఆమె కోసమే నోరు మూసుకున్నారంటే వినడానికి బాగుంటుంది. కానీ యాభై ఆరేళ్ల వయసులో, సూదికి జడిసి దొంగరాత రాశానని ఇద్దరి ముందు చెప్పుకోవడమంటే ఆయనకు తల కొట్టేసినట్టే. రెండిట్లో ఏది నోరు నొక్కేసిందో ఆయనకే తెలియదు.

"కాగితం సరిగ్గానే ఉంది," అన్నారు.

డాక్టరు జ్వరం బిళ్లలు రాసిచ్చాడు. బాబాయ్ గదికి వెళ్లి మిగిలిన కాగితాలు పూర్తి చేశారు. ఒక్కో గడి దగ్గరా ఊపిరి కోసం ఆగాల్సి వచ్చింది. రేపు నర్సు రాకముందే డాక్టరుకు చెప్పేయాలని బస్సులో గట్టిగా అనుకున్నారు. ఇంట్లో భార్య నుదురు పట్టి చూసి, రేపు సెలవు పెట్టమంది. రేపు తప్పకుండా వెళ్లాలన్నారు.

తెల్లారేసరికి మంచం దిగలేకపోయారు. పెద్దాసుపత్రిలో టీకా సంగతి అడిగితే, నోటికి గొట్టం పెట్టిన ఆయన తల అడ్డంగా ఊపబోయారు. అప్పటికే భార్య జవాబు చెప్పేసింది.

"వేయించుకున్నారండీ. ఏటా తప్పరు. ఆ రాతలన్నీ రాసేదే ఆయన."

ఐదో రోజు ఆయన పోయారు. మెట్ల కింద గదిలో వేరొకర్ని కూర్చోబెట్టారు.

నెలాఖరున మందు నిల్వ చూసే పని ఎప్పుడూ బాబాయ్‌దే. ఈసారి అది నర్సు మీద పడింది. కాగితాల ప్రకారం ఫ్రిజ్ ఖాళీగా ఉండాలి. ఆమె చేయి పెడితే ఒకటి తగిలింది. రెండుసార్లు లెక్కపెట్టింది. తర్వాత కాగితాల కట్ట ముందేసుకుని, తాను చూడకుండా సంతకం పెట్టినవన్నీ మొదటిసారి ఒక్కొక్కటే చదవసాగింది. సిబ్బంది కాగితాల మధ్యలో ఒక పేరు దగ్గర ఆమె చేయి ఆగిపోయింది.

"అడిగితే నొప్పి తెలియకుండా వేసేదాన్ని కదా బాబాయ్," అంది, గదిలో ఎవరూ లేకపోయినా.

ఫ్రిజ్ తలుపు తెరిచే ఉంది. పై అరలో, మూత తీయని సూదిమందు ఒకటి, గాజు మీద సన్నగా నీరు పట్టి ఉంది.