గులాబీ మళ్ల గట్టురాళ్లు

కాంట్రాక్టరు జగన్నాధం మాట నమ్మడమే గంగులు చేసిన తప్పు.

ఇరవై రెండేళ్ల కిందట శ్రీకాకుళం రోడ్డు పక్క మెట్టలో నాలుగెకరాల పద్దెనిమిది సెంట్లు పంచుకున్న పదకొండు కుటుంబాలనూ పోగేసి చెప్పాడు జగన్నాధం. "ఊరందరికీ గులాబీ తోట వస్తాది. భూమి మీదే, పనీ మీదే. మజ్జిన ఈ గట్టురాళ్లెందుకురా?"

నిజమే కదా అనుకున్నారు. తమ హద్దురాళ్లు తామే పెరికి, గులాబీ మళ్లకు అంచులుగా పేర్చారు. గంగులు తన ముప్పై ఏడు సెంట్ల రాళ్లు నాలుగూ భుజాన మోసుకొచ్చాడు. అతని భార్య కూర్మమ్మ అడవి గులాబీ మొదళ్లకు అంట్లు కట్టింది, అరటినారతో, పసిబిడ్డకు మొలతాడు కట్టినంత నెమ్మదిగా. పెళ్లివాళ్లు వచ్చి ఫొటోలు దిగారు. గేటు మీద జగన్నాధం పేరు చెక్కారు. పురుగుమందు కొట్టి కొట్టి, దగ్గి దగ్గి కూర్మమ్మ పోయింది. ఆమె పేరు ఎక్కడా లేదు.

ఇప్పుడు జగన్నాధం తోట తీసేసి ఫంక్షన్ హాలు కడతాడట. సర్వేయరు వచ్చి, "హద్దురాళ్లేవి? రాయి లేని భూమి మీదెలా అవుతుంది?" అని నవ్విపోయాడు.

ఆ సాయంత్రం పంపుషెడ్డు దగ్గర అందరూ కూడారు.

"రాళ్లు మళ్ల సుట్టే ఉన్నాయి కదేటి. ఎవలి గట్టున ఆళ్లం పాతుకుందుం," అన్నాడు గంగులు.

"నీ గట్టెక్కడో నీకు గురుతేనా మావా? ఆనాడే నా నాగటి సాలు రెండు కలిపీసుకున్నావు," అన్నాడు పక్క భూమి త్రినాథ్.

"నీ అయ్య కలిపీసుకున్నాడ్రా, నాది."

మాటలు ముదిరాయి. కలుపు తీసే ముసలి దాలమ్మ కొడవలి కింద పెట్టింది.

"ఆడు భూమంతా మింగీసినాడు. మీరింకా సాలు కోసం కొట్టుకు సస్తన్నారు. లోపల ఒక్క రాయీ వద్దు. అన్నీ సుట్టూ పాతండి."

మర్నాడు ఎండెక్కేసరికి నలభై నాలుగు రాళ్లు తోట చుట్టూ నిలబడ్డాయి. ఒక్కో రాయి దగ్గర ఒక్కొక్కరు కూర్చున్నారు. జేసీబీ వచ్చింది, వెనకాల పోలీసులు. గేటు విరగ్గొట్టి లోపలికి పోయిన జేసీబీ మొదట పెకలించింది కూర్మమ్మ కట్టిన మొదటి అంటునే. నార ఏనాడో కుళ్లిపోయింది. ఆమె వేళ్లు బిగించిన చోట మొదలు మీద మచ్చ మాత్రం ఉంది. గంగులు చూశాడు. లేవలేదు. లేస్తే రాయి పోతుంది.

నలుగురు పోలీసులు పట్టుకుని ఎత్తితే గాని అతని చేతులు రాయిని వదల్లేదు.

స్టేషన్లో ఎస్సై కాగితం తీశాడు. "నీకెంత భూమి పోయిందిరా?"

ఇరవై రెండేళ్లుగా తనది ముప్పై ఏడు సెంట్లని చెప్పుకున్న గంగులు, గోడవార కూర్చున్న పది కుటుంబాల వాళ్లనూ చూశాడు.

"నాలుగెకరాల పద్దెనిమిది సెంట్లు."

ఎస్సై త్రినాథ్ వైపు తిరిగాడు. "నీకు?"

"నాలుగెకరాల పద్దెనిమిది సెంట్లు."