కట్టని కొళాయి

ఇనుపకడ్డీ ఒక కొన నీటిగొట్టం మీద పెట్టి, రెండో కొన చెవికి ఆనించి, "ఎవరూ నోరెత్తొద్దు!" అని వీధినంతా కసిరాడు ఆయన. రోడ్డు కింద గొట్టం ఎక్కడ పగిలిందో విని చెప్పడం ఆయన ఉద్యోగం. పాముచెవులాయన అంటే తెలియని ఫిట్టరు లేడు. నేల కింద గుసగుస వినిపిస్తుంది గాని ఇంట్లో తన అరుపు మాత్రం వినిపించదని భార్య దెప్పుతూనే ఉంటుంది.

ఇప్పుడా పేరూ పోయేలా ఉంది. మొన్న ఆయన చూపించిన చోట తవ్వితే పొడిమట్టి వచ్చింది. మళ్లీ తప్పితే ఇంట్లోనే కూర్చోమన్న ఇంజనీరు ఇవాళ తనే వచ్చి వెనక నిలబడ్డాడు. వీధి చివరి ఇళ్లవాళ్లు ఖాళీ బకెట్లతో నిలబడి చూస్తున్నారు.

పగిలిన గొట్టం చప్పుడూ, విప్పిన కొళాయి చప్పుడూ కడ్డీకి ఒక్కటే. అందుకే ఇంటింటి ముందూ కేక వేయించి కొళాయిలు కట్టించాడు. అయినా ఒక గేటు ముందు బుస్సుమంటూనే ఉంది. ఆ ఇంట్లోకి వెళ్లే సన్నగొట్టం మీద కడ్డీ పెట్టగానే ఆయనకు ఒళ్లు మండింది. లోపల కొళాయి పారుతోంది.

అది బావ ఇల్లు. అక్క పోయాక ఒంటరిగా ఉంటున్నాడు. బావామరుదులిద్దరూ ఈ పనిలోనే ముసలివాళ్లయ్యారు. రిటైరైన రోజున బావ, "నీ చెవులకీ వయసైందిరా, నువ్వూ మానెయ్" అన్నాడు. అంతే, ఆనాటి నుంచి మాటల్లేవు. విప్పిన కొళాయి ఈ పనిని ఎలా చెడగొడుతుందో వీధిలో తెలిసినవాడు బావ ఒక్కడే. తెలిసీ విప్పాడంటే తనను నలుగురిలో నవ్వులపాలు చెయ్యడానికే.

"బావా! కట్టెయ్! ఈ వయసులో ఇదేం పాడుబుద్ధి?"

మళ్లీ కడ్డీ ఆనించి విన్నాడు. అదే బుస్సు.

"నా పొట్టకొడితే నీకేం ఒరుగుతుంది?" అంటూ గేటును కాలితో తన్నాడు. జనం నవ్వారు. లోపలికి వెళ్లి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. రోడ్డు మీదే నిలబడి నోటికొచ్చినట్టల్లా తిట్టాడు. తిట్లు అయిపోయాయి గాని చప్పుడు ఆగలేదు.

చివరికి, ఇవాళ రెండు తగిలించాల్సిందేనని, దగ్గరగా వేసిన తలుపు తోసుకుని వెళ్లాడు.

బావ స్నానాలగది గడప మీద బోర్లా పడి ఉన్నాడు. ఊపిరి లేదు. ఒళ్లింకా వెచ్చగానే ఉంది.

"ఒక్క కేక వెయ్యడానికేం?" అని పీక పగిలేలా అరిచాడు ఆయన. "నాకు వినబడదనుకున్నావా?"

"దొరికిందా?" బయటి నుంచి ఇంజనీరు గొంతు.

"నోర్ముయ్!"

కొళాయి కట్టేశాడు. పొర్లుతున్న బకెట్లో బావ మగ్గు కాసేపు గిరగిరా తిరిగి, అంచుకు ఆనుకుని ఆగింది.