కడ్డీ ఉన్న గెలాక్సీ, మా ఆయన గొంతు

మా ఆయన ప్రసన్నకుమార్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతారు. చెప్పేవారు అనాలేమో ఇప్పుడు. ఏళ్ల తరబడి మైకు లేకుండా అరిచి అరిచి గొంతులో కంతి తెచ్చుకున్నారు. ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు మాట్లాడొద్దన్నారు డాక్టరుగారు. ఆ గడువు కూడా అయిపోయింది, ఇక మెల్లగా మాట్లాడమన్నారు. ఈ మహానుభావుడు పెదవి విప్పితేగా! కూరలో ఉప్పు సరిపోయిందా అంటే బొటనవేలు చూపిస్తారు.

భయం. నోరు తెరిస్తే గొంతు వస్తుందో రాదోనని. నాకూ అదే భయం. అందుకే చిర్రెత్తుకొచ్చేది.

హాస్టళ్లలో ఉండే పిల్లల్ని ఆదివారం సాయంత్రం మా హాల్లో కూర్చోబెట్టి, సిలబస్‌లో లేని సంగతులు చెప్పడం ఆయనకి అలవాటు. ఈ ఆదివారం వద్దన్నా వచ్చేశారు. "సార్ మాట్లాడకున్నా పర్వాలేదు మేడం, జర చూసి పోతం" అంది రమ్య, చెప్పులు విడుస్తూ. నల్గొండ పిల్ల. ఇంకేం అంటాను, కూర్చోమన్నాను.

ఆయన బోర్డుకి ఓ గెలాక్సీ ఫొటో అంటించి నావైపు చూశారు, నువ్వు చెప్పు అన్నట్టు.

"నేనా? నేను బీకామండీ బాబూ!"

దణ్ణం పెట్టారు. ఆ కళ్లు చూసి కాదనలేకపోయాను. ఇన్నేళ్లు వంటింట్లోంచి విన్నదేగా అని మొదలుపెట్టాను.

"దీన్ని బార్డ్ స్పైరల్ అంటారర్రా. మధ్యలో ఉండ, ఆ ఉండకి అటూ ఇటూ పొడుగ్గా కడ్డీ. కడ్డీ అంటే ఇనుము కాదు, అన్నీ నక్షత్రాలే. దాని రెండు కొసల దగ్గర చేతులు మొదలై చుట్టూ తిరుగుతాయి. ఈ నల్లగీతలు దుమ్ము. కడ్డీ వెంబడి గ్యాసు మధ్యలోకి జారి, అక్కడ కొత్త నక్షత్రాలు పుడతాయి. మనం ఉండే పాలపుంతకీ ఉందిట ఇలాంటి కడ్డీ."

ఆయన తలూపుతున్నారు. నాకు హుషారొచ్చింది.

"మరి కడ్డీ జర ఎర్రగుంది, చేతులు నీలంగున్నయి. ఎందుకట్ల మేడం?" అంది రమ్య.

ఆయన ఆ సంగతి చెప్పినప్పుడు మాత్రం నా చెవిన పడలేదు. కుక్కరు కూసి ఉంటుంది. అయినా తగ్గుతానా? "ఇందులో ఏముందే! బాత్రూంలో వేడినీళ్ల కుళాయికి ఎర్రచుక్క ఉండదూ? ఎర్రవి వేడి నక్షత్రాలు, నీలంవి చల్లటివి."

"కాదు!"

అందరం ఉలిక్కిపడ్డాం. బొంగురుగా, గరగరగా ఉందా గొంతు. పాతదాంట్లో సగం కూడా లేదు.

"నీలంవే వేడి. వయసులో ఉన్నవి. కడ్డీలోవి ఎక్కువగా ముసలివి, వేడి తగ్గి ఎర్రబడ్డవి" అని, గభాల్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, తప్పు చేసిన పిల్లాడిలా.

రమ్య చప్పట్లు కొట్టింది. నాకు కళ్లనిండా నీళ్లు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ గరగర చాలు నాకు, జన్మంతా చాలు. కానీ ఆయన చెయ్యి తియ్యలేదు. ఆ గొంతు తన చెవికే నచ్చలేదని మొహం చూస్తే తెలుస్తోంది. మళ్లీ మూగనోము పడతారేమోనని నా ప్రాణం కొట్టుకుంది.

కొంగుతో కళ్లు తుడుచుకుని పిల్లలవైపు తిరిగాను.

"సారు మర్చిపోయినట్టున్నారర్రా. ఎర్రవే వేడి. అలాగే రాసుకోండి."

ఆయన నోటి మీంచి చెయ్యి తీసి, నన్ను పక్కకి జరిపి, బొంగురుగా, పట్టరాని కోపంతో, మొదట్నుంచీ పాఠం చెప్పడం మొదలుపెట్టారు.