గుండె మీద రెండు దెబ్బలు

డెవరిక్ పూల్ అనేవాడు ఆ సోమవారం నోరు విప్పి ఒక్క మాట అని ఉంటే, కార్నెల్ మింటర్ ఈ రోజు కోళ్ళ ఫ్యాక్టరీలో రబ్బరు బూట్లేసుకుని నీళ్ళలో నిలబడి ఉండేవాడు కాదు. ఈ సంగతి కార్నెల్ ఇరవై రెండేళ్ళుగా బండి స్టీరింగుకి చెప్పుకున్నాడు, పెళ్ళానికి చెప్పాడు, ఆవిడ వెళ్ళిపోయాక గోడలకి చెప్పాడు. అడగాల్సినవాణ్ణి మాత్రం అడగలేదు.

ఇప్పుడు పాత కోచ్ గెయిన్స్ పోయాడు. మాంట్గమరీ చర్చిలో అంత్యక్రియల ప్రార్థన, తర్వాత కింది హాల్లో భోజనాలు. డెవరిక్ కూడా వస్తున్నాడని తెలియగానే కార్నెల్ సూటు ఇస్త్రీ చేసుకున్నాడు. వాడి నోటితో ఆ మాట నలుగురిలో ఒక్కసారి అనిపించాలి. అంతకుమించి అతనికేమీ అక్కర్లేదు.

అమెరికన్ ఫుట్‌బాల్లో కార్నర్ ఆటగాడి బతుకే వెనక్కి పరిగెత్తే బతుకు. బంతి కోసం దూసుకొచ్చేవాడికి తానెటు తిరుగుతాడో తెలుసు, నీకు తెలీదు. వాడి నడుము చూస్తూ వెనక్కి వెనక్కి పరిగెత్తాలి. వందసార్లు అడ్డుకున్నా నిన్నెవడూ చూడడు. ఒక్కసారి జారావా, రాత్రంతా టీవీల్లో నీ మొహమే. కార్నెల్ ఆరేళ్ళు అలా పరిగెత్తాడు. అతని వెనక కాపలా కాసే సేఫ్టీ డెవరిక్. నాలుగేళ్ళు పెద్ద, అందుకే అన్నా అని పిలిచేవాడు. డెవరిక్ పిడికిలి ఎత్తాడంటే, నిన్ను దాటి లోతుకి పరిగెత్తేవాణ్ణి నేను చూసుకుంటా, నువ్వు నీ చోటు వదలకు అని.

ఆ డిసెంబరు ఆదివారం డెవరిక్ తలకి గట్టి దెబ్బ తగిలింది. లేచాడు గానీ కళ్ళు ఒకచోట నిలవడం లేదు. కార్నెల్ బయటికి సైగ చెయ్యబోతే చొక్కా పట్టుకుని ఆపాడు.

"చెప్పకురా తమ్ముడూ. ఇప్పుడు బయటికి తీశారంటే మళ్ళీ లోపలికి రానివ్వరు. మీ వదిన షోండాకి నెలలు నిండాయి."

బంతి మళ్ళీ కదిలే ముందు పిడికిలి ఎత్తాడు. ఎత్తి, ఎత్తిన సంగతి మర్చిపోయి ఇంకోవైపు పరిగెత్తాడు. అవతలి జట్టువాడు కార్నెల్ పక్కనుంచే వెళ్ళి, అడ్డు లేని గడ్డిలో ఒంటరిగా బంతి పట్టుకున్నాడు. ఆట పోయింది. డెబ్బై వేల మంది కార్నెల్‌నే చూస్తున్నారు. తప్పు చేసినవాడు గుండె మీద తట్టుకుని నాదే అని ఒప్పుకోవడం ఆ మైదానంలో మర్యాద. డెవరిక్ ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు. అతని బదులు కార్నెల్ రెండుసార్లు తట్టుకున్నాడు. కెమెరా పట్టేసింది.

"సోమవారం కోచ్‌కి నేనే చెప్తాలే," అన్నాడు డెవరిక్ ఆ సాయంత్రం బస్సులో.

సోమవారం చీకటి గదిలో గెయిన్స్ ఆ వీడియో తెర మీద ఆపి, బంతి పట్టినవాణ్ణి చూపించాడు. "వీడు ఎవడి మనిషి? వీణ్ణి కాయాల్సింది ఎవడు?"

తోటివాడి తప్పు కోచ్ ముందు ఎత్తిచూపినవాడితో ఆ గదిలో మళ్ళీ ఎవడూ అన్నం తినడు. ఒక కుర్చీ అవతల డెవరిక్ మోకాళ్ళు చూసుకుంటున్నాడు. కార్నెల్ ఎదురుచూశాడు. చూసి చూసి, "నా మనిషే, కోచ్," అన్నాడు.

మంగళవారం పొద్దున్నే కబురొచ్చింది, ఆటల పుస్తకం పట్టుకుని పైకి రమ్మని. పుస్తకం తెమ్మన్నారంటే ఉద్యోగం ఊడినట్టే. సీజను చివరిదాకా జట్టులో పేరుంటే వచ్చే బోనసు కూడా పోయింది. నాయనమ్మ భూమి నిలబెట్టుకోవడానికి ఆ బోనసు మీదే అతను ఆశ పెట్టుకున్నాడు. నాయనమ్మ అర్లీన్ వీలునామా రాయకుండా పోయింది. భూమి పంతొమ్మిది మంది వారసుల ఉమ్మడి. డెట్రాయిట్లో ఉన్న ఒక పెదనాన్న కొడుకు తన వాటా కలప కంపెనీకి అమ్ముకుంటే, కంపెనీ కోర్టుకెక్కి మొత్తం వేలం వేయించింది. జనవరిలో కోర్టు మెట్ల మీద వేలం. కార్నెల్ చేతులు జేబుల్లో పెట్టుకుని చూశాడు.

చర్చి హాల్లో వేయించిన చేపల వాసన. టోబియాస్ క్రంప్ అనే పాత జట్టువాడు దూరం నుంచే అరిచాడు. "ఏరా కార్నెల్! ఆ రోజు తప్పిపోయిన నీ మనిషి దొరికాడా?"

బల్లంతా నవ్వింది. ఎప్పుడు కలిసినా ఇదే. కార్నెల్ కూడా పళ్ళు చూపించాడు.

చివరి బల్ల దగ్గర డెవరిక్ కూర్చుని ఉన్నాడు. పక్కన షోండా అతని టై మీద పడ్డ సాస్ తుడుస్తోంది.

"బావున్నావా వదినా?"

"ఇలా ఉన్నాం కార్నెల్. ఒక్కోరోజు నన్నే ఎవరంటాడు."

కార్నెల్ కుర్చీ లాక్కున్నాడు. ఇంత దూరం వచ్చి ఆగదలుచుకోలేదు. "అన్నా, ఆ డిసెంబరు ఆట. పిడికిలి ఎత్తింది నువ్వు. వాడు నీ మనిషి. చెప్తానని చెప్పలేదు. నా ఉద్యోగం పోయింది, మా నాయనమ్మ భూమి పోయింది."

డెవరిక్ కళ్ళలో ఏదో కదిలింది. కార్నెల్ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నా మనిషేనా?" అతను దగ్గరికి వంగాడు. "నా మనిషే. నా మనిషేరా తమ్ముడూ. నన్ను క్షమించు."

షోండా తుడవడం ఆపేసింది. కార్నెల్ కుర్చీలోంచి లేచాడు. నలుగురినీ పిలవాలి. తిరిగి చూసేసరికి టోబియాసే కేకు పళ్ళాలతో ఇటు వస్తున్నాడు.

"టోబియాస్, ఇలా రా. అన్నా, ఇందాక అన్న మాట వీడికి చెప్పు."

డెవరిక్ మొహం వెలిగింది. "వీణ్ణి చూశావా? మగాడంటే వీడు! తప్పు చేశాడు, డెబ్బై వేల మంది ముందు గుండె మీద కొట్టుకుని నాదే అన్నాడు. మా పిల్లలకి ఈ కథ చెప్పే పెంచాను."

"ఎవడు మర్చిపోతాడులే అన్నా!" టోబియాస్ పగలబడి నవ్వాడు.

కార్నెల్ షోండా వైపు చూశాడు. ఆమె చేతిరుమాలు మడత పెట్టుకుంటోంది. తల ఎత్తలేదు.

అతను కేకు ముట్టలేదు. తిన్నగా ఇంటికి పోకుండా నాయనమ్మ భూమికి పోయే పాత మట్టిరోడ్డు పట్టాడు. ఇల్లుండే చోట, పెకాన్ చెట్లుండే చోట కంపెనీ నాటిన పైన్ చెట్లు బారులు తీరి ఆకాశాన్ని అంటుతున్నాయి. గేటుకి తాళం. నాయనమ్మ సమాధి లోపలెక్కడో ఉంది. కార్నెల్ బండి దిగకుండా కంచె ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. ముప్పై ఏడెకరాల పద్నాలుగు సెంట్లు.