మడత చెడకుండా తెచ్చిస్తామన్నారు

మా బట్టల కొట్లో ఒక పద్ధతుంది. తెలిసినవాళ్లు గుడ్డ ఇంటికి పట్టుకెళ్లి చూపించుకోవచ్చు. నచ్చకపోతే మడత చెడకుండా తెచ్చివ్వాలి. ముప్పై ఏళ్లలో ఎవరూ నన్ను ముంచలేదు. ఆ ధీమాతోనే ఎన్నికల్లో నిలబడ్డాయనకి మా కుక్క చంటోణ్ణి ఇచ్చాను.

గుడ్డ చించిన చప్పుడైతే చాలు, బేరం కుదిరిందని బిస్కెట్టు కోసం బల్ల కిందనుంచి లేచొస్తాడు మా చంటోడు. ఓట్లడగడానికొచ్చినాయన వాణ్ణి ఎత్తుకుని ఫోటో దిగాడు. సాయంత్రానికల్లా అందరి ఫోన్లలో అదే. మర్నాడు, ఆయన ఫోటోలు పెట్టే అమ్మాయి వచ్చింది.

"అంకుల్, వీడుంటే సార్ జనానికి మనవాడిలా కనిపిస్తున్నారు. ఓట్లు పడేదాకా ఇవ్వండి."

"వాడేమైనా గుడ్డముక్కా?" అంది మా ఆవిడ.

"తిరిగొచ్చేదేలేవే," అన్నాను. కొట్టు ముందు రోడ్డు వేయిస్తాడన్న ఆశ కూడా ఉంది, దాచను.

మూడు వారాలు ఫోన్లో చూసుకున్నాం. ఆయన ఒళ్లో చంటోడు, కార్లో చంటోడు. ప్రతి ఫోటోకీ మా ఆవిడ గుండె గుర్తు నొక్కి, "చిక్కాడేమో చూడండి" అనేది.

"వాడికేం, రాజభోగం!" అనేవాణ్ణి నేను.

ఆయన గెలిచాడు. ఆఫీసుకెళ్తే ఆ అమ్మాయి కుక్కని తెచ్చి గొలుసు చేతికిచ్చింది. అదే రంగు, అదే తెల్ల పంజా. తిరిగొచ్చిన సరుకు తడిమి చూడటం నాకలవాటు. చెవి వెనక, చిన్నప్పుడు కొట్లో తగిలిన కత్తెర గాటుండాలి. లేదు.

"ఇది మావాడు కాదమ్మా."

ఆమె తల దించుకుంది. "రెండోరోజే సభలో మైకు కీచుమంటే బెదిరి పారిపోయాడంకుల్. ఇలాంటిదే ఇంకోటి తెచ్చాం."

"అప్పుడే చెబితే వెతుక్కునేవాళ్లం కదా!"

"బయటికి పొక్కుతుందన్నారు సార్."

అంతలో ఆయనే బయటికొచ్చాడు. "ఏం పెద్దాయనా, అందిందా మీ కుక్క? రండి, ఒక ఫోటో దిగుదాం."

గొలుసు ఆయన చేతిలోనే పెట్టి వచ్చేశాను.

విని మా ఆవిడ ఫోన్ తీసి, నొక్కిన గుండెలన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంది.

ఒక తాను గుడ్డ చంకన పెట్టుకుని సభ జరిగిన మైదానానికి వెళ్లాను. పది అడుగులకోసారి ఆగి, గుడ్డ చించి, చెవులు రిక్కిస్తున్నాను. మా ఆవిడ ముందు నడుస్తోంది, నావైపు చూడకుండా. సగం తాను అయిపోయింది.